నాలుగో భాష

నా ముక్కు చచ్చి నాలుగేండ్లయితంది.
అంతకు ముందు తొమ్మిది వానకాలాలు
వీపుకు పంపు కట్టుకొని
సిరొంచ నుంచి అంకీస దాకా
మంది చేన్లకు మందు కొట్టిన.
ఎకరానికింత అని లెక్క.
పైసలు ఎటు పోయినయో తెల్వదు,
ముక్కు ఎటు పోయిందో తెలుసు.

పోసక్క గట్టు మీద నిలబడి
కండ్లు మూసుకొని గాలి గుంజుతది.
"ఇయ్యాల చేను తీరు ఏరే ఉన్నది" అంటది.
"ఎట్లుంది?"
"కోసిన గడ్డి లెక్క. దాని ఎనుక ఇంకేదో,
పచ్చి పసుపుకొమ్ము ఇరిచినట్టు."
నాకు గాలి గాలే.
చల్లగుంటే చల్లగ, ఉడుకుంటే ఉడుకు.

పోయిన భాద్రపదంల అకోలా నుంచి
ఒక పిల్ల వచ్చింది, మృణ్మయి అని.
పెద్ద చదువు, బురద చెప్పులు.
మా చేన్ల నాలుగు పత్తి చెట్లకు
పల్చని సంచులు తొడిగి
సన్న గొట్టంతోని లోపలి గాలి గుంజి
చిన్న సీసాలకు పట్టింది.
సీసాల ఏమీ కనబడలేదు.
"ఏం పట్టినవ్ బిడ్డా?" అంటే
"మాటలు" అన్నది, మరాఠీల.

మాకు ఇక్కడ మూడు భాషలు.
బడికి, కచేరికి మరాఠీ. ఇంటికి తెలుగు.
సంతకు గోండి, బేరానికి సరిపడ.
పత్తికి సుత ఒకటున్నదని
యాభై ఏండ్లకు తెలిసింది.
పత్తి సీసాతో చెప్పింది,
సీసా మృణ్మయితో,
మృణ్మయి నాతో మరాఠీల,
నేను పోసక్కతో తెలుగుల:

కత్తెరతోని కోస్తే ఆకు ఒక తీరు అంటదట,
పురుగు కొరికితే ఇంకో తీరు.
ఉమ్మిని బట్టి ఏ పురుగో గుర్తుపడతదట.
కింది ఆకును కొరికితే
దెబ్బ తగలని పై ఆకు సుత కూతేస్తదట.
ఆ కూత పట్టుకొని
జొన్నగింజంత లేని కందిరీగ వచ్చి
పురుగు కడుపుల గుడ్లు పెట్టిపోతదట.
పక్క చెట్టు ఆలకించి
తన ఆకులల్ల చేదు పెంచుకుంటదట.
ఆ నల్లచుక్కలు చూడు, చేదు దాచిన తిత్తులవి.

"చీమలకు కూలి కూడా ఇస్తది" అని
ఆకు తిప్పి చూపింది.
ఈనె మీద గుంట, గుంటల తీపి,
తీపి కాడ ఎర్రచీమ కావలి.

పోసక్క అంతా విని
"ఈ పిల్లకు సీసాలెందుకు?" అన్నది.

నేనైతే ఆ రాత్రి పండలేదు.
తొమ్మిది వానకాలాలు లెక్కపెట్టుకున్న.
చెట్టు పిలిచింది.
పిలిస్తే సాయం రెక్కలు కొట్టుకుంట వచ్చింది.
సరిగ్గ అప్పుడు నేను పోయిన,
మూతికి తువ్వాల కట్టుకొని.
పురుగు కాయల దాక్కున్నది.
సాయానికి దాక్కోవడం రాదు.

తెల్లారి మృణ్మయిని అడిగిన,
"ఎంత దూరం పోతది ఈ మాట?"
ప్రాణహిత దాటి అవతలి చేన్లకు పోతదేమోనని నా ఆశ.
"రెండు మూడు బారలు. గాలుంటే ఇంకో రెండు."
అంతేనా అనిపించింది.
ఆపతి చెప్పుకోను మాకు మాత్రం
పక్కిల్లు దాటి ఎవరున్నరు?

ఈ యేడు వాగు దిక్కు పది సాళ్ళు
మందు లేకుండ ఇడిచిపెట్టిన.
పదే. అప్పిచ్చిన చాండక్ సేటు ముందు
పదకొండోది అడిగే నోరు లేదు.
లాభమో నష్టమో దీపావళికి తెలుస్తది.

పొద్దుగాల పోసక్క ముందు నడుస్తది.
"ఎట్లుంది?"
"పచ్చి పసుపు."
"నిన్నటి కంటె?"
"ఎక్కువ. గా మూలకు."

గా మూలకు పోయి వంగి చూసిన.
ఆకు మీద పురుగు. కదలదు.
దాని వీపు మీద నూకల లెక్క తెల్లటి గూళ్ళు,
ఇరవై దాకా.
ఒకదాని మూత తెరిచి ఉన్నది, లోపల ఎవరూ లేరు.

ఆకు తెంపకుండ, ఊపకుండ
చచ్చిన ముక్కు దానికి ఆనిచ్చిన.
"ఏమంటంది?" ఎనుక నుంచి పోసక్క.

ముక్కు కొస మీద చీమ కుట్టింది.

"దూరం జరుగుమంటంది" అన్న.